నన్ను కాకి అన్న మనిషి

ఆమె నన్ను కాకి అంది. అని ఏడేళ్ళయింది. నేను మర్చిపోలేదు.

మొన్న మంగళవారం పొద్దున కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డాను. వెనక పేటలో చర్చి మైకు గరగరలాడి, ఆమె ప్రభువునందు నిద్రించిందనీ, సాయంత్రం నాలుగింటికి సమాధి కార్యక్రమమనీ చెప్పింది. బిందె నిండి పొర్లిపోతున్నా నేను కుళాయి కట్టలేదు. అయ్యో అనే మాటకంటే ముందు నా మనసులోకి వచ్చింది వేరే మాట: ఇంక ఆ కాకి మాట వెనక్కి తీసుకునే మనిషి లేదు.

నా బుద్ధే అంత. మా బావమరిది పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ వాళ్ళింటికి భోజనానికి వెళితే "ఇది మొదటి బంతేనా?" అని అడిగాకే విస్తరి ముందు కూర్చుంటాను.

మాది భీమవరం నుంచి బస్సులో గంట దూరంలో, కాలువ గట్టున ఉన్న ఊరు. బజారు వీధిలో ఆఖరి కొట్టు మాది. వెనకే ఇల్లు, ఇంటి గోడ దాటితే ఆమె వాళ్ళ పేట. కోతలున్నప్పుడు కోతలకి, లేనప్పుడు రొయ్యల చెరువుల దగ్గర పనికి వెళ్ళేది. సన్నగా, పొడుగ్గా, నడుస్తున్నప్పుడు ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని ఉండేది. పేటలో అందరూ మామ్మ అనేవాళ్ళు. నేను ఏ పేరుతోనూ పిలవలేదు. "ఏమ్మా" అంటే సరిపోయేది.

మొదటిసారి మా కొట్టుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి మాకింకా త్రాసూ, తూకం రాళ్ళూ ఉండేవి. "అరకిలో కందిపప్పండి" అంది. నేను పళ్ళెంలో పప్పు పోస్తుంటే కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో పొడుగాటి మనిషి నిలబడి ఉన్నట్టు గడ్డం పైకెత్తి, అందరికీ వినపడేలా అంది:

"ప్రభువా, ఈ బాబుగారి చెయ్యి సరిగ్గా తూచేలా చూడు తండ్రీ."

కొట్టు ముందు నలుగురున్నారు. ఒకాయన కిసుక్కున నవ్వాడు.

"ఏమ్మా, నా తూకం మీద అనుమానమా?"

"అనుమానం ఎందుకండి, ప్రార్థన చేశాను కదా."

మా నాన్నగారి రోజుల నుంచి తూకానికి పేరున్న కొట్టు మాది. అలాంటి కొట్టు ముందు నిలబడి అనవలసిన మాటేనా అది? కానీ నిజం చెప్పాలి. ఆ రోజు నుంచి ఆమెకి తూచినప్పుడల్లా పప్పు పళ్ళెం కాస్త కిందికి దిగాకే చెయ్యి తీసేవాణ్ణి. తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. ఆమె మాత్రం కళ్ళు మూసుకోవడం మానలేదు. "ఇప్పుడిది మిషనమ్మా, నా చేతిలో ఏం లేదు" అంటే, "మిషనైనా ఆయన మాట వినాలి కదండి" అనేది.

ఆమె ప్రార్థనల్లో పెద్ద మాటలు ఉండేవి కావు. లోకశాంతి, దేశక్షేమం పాస్టరుగారికి వదిలేసింది. ఆమెకి కావలసినవి వేరు. గ్యాసు బండ ఆదివారం దాకా రావాలి. మనవరాలికి ఆరో నంబరు చెప్పులు దొరకాలి, అవి కరవకూడదు. వడ్లు ఎత్తేదాకా వాన ఆగాలి, ఎత్తాక తన కొత్తిమీర మడి తడిసేంత కురవాలి. తాడేపల్లిగూడెం బస్సులో కిటికీ పక్క సీటు కావాలి, ఎందుకంటే లోపలి సీటులో కూర్చుంటే వాంతి అవుతుంది.

"దేవుడికి వేరే పనేం లేదా? బస్సులో సీటు కూడా ఆయనే ఆపాలా?" అన్నాను ఒకసారి.

"మీరు అర్జీ రాస్తే ఇంటి నంబరు, వీధి, తారీఖు అన్నీ రాయరా అండి? సగం రాసి ఇస్తే ఆఫీసులో ఏమంటారు?"

"వివరాలు లేవని వెనక్కి పంపుతారు."

"అదేనండి మరి."

అర్జీల సంగతి ఆమెకే కాదు, ఊరందరికీ తెలుసు. వీధి దీపం వెలగకపోయినా, మురిక్కాలువ పూడినా, బస్సు ఆగకపోయినా రాసేవాణ్ణి నేనే. రామాలయం మైకు మీదా, చర్చి మైకు మీదా ఒకే కాగితం మీద ఫిర్యాదు రాశాను, పక్షపాతం లేకుండా. దాంతో రెండువైపుల వాళ్ళూ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆమె మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి, "మా మైకు నిజంగానే గోలండి, నా ప్రార్థన నాకే వినపడదు" అని పావుకిలో బెల్లం అడిగింది.

ఆమెకి రాయడం రాదు. కొంగు చివర ముడులు వేసుకునేది. ఒక్కో అవసరానికి ఒక్కో ముడి. తీరితే విప్పేది. చీర మార్చినప్పుడు పాత కొంగు ఒళ్ళో పెట్టుకుని, "ఇది చిన్నోడి జ్వరం, ఇది గేదె ఈత, ఇది మా కోడలి పళ్ళనొప్పి" అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ కొత్త కొంగుకి మళ్ళీ వేసుకునేది. మా పెరటి గోడ మీంచి నేను చాలాసార్లు విన్నాను. గోడ పొట్టిది, నా తప్పు కాదు.

పేటలో క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకెళ్ళి గంపలో పోస్తారు. ఆ వారం ఎవరింట్లో గింజలు లేవో వాళ్ళకి ఆ గంప వెళుతుంది. ఒక ఏడాది కార్తీకంలో తుఫాను పట్టి రెండు వారాలు ఎవరికీ పని లేకుండా పోయింది. శనివారం ఆమె ఉప్పు కోసం వచ్చి, మాటల్లో, "ఇంట్లో మూడు పిడికిళ్ళున్నాయండి. ఒకటి డబ్బాలో వేశాను" అంది.

"నీకేమన్నా మతి పోయిందా?"

"మూడున్నప్పుడు వెయ్యకపోతే ముప్పై ఉన్నప్పుడూ వెయ్యబుద్ధి కాదండి."

మర్నాడు ఆ గంప ఆమె ఇంటికే వచ్చింది. సోమవారం పొద్దున్నే కొట్టు తెరవకముందే వచ్చి నిలబడింది, నాకు చెప్పడానికి.

"నువ్వు వేసిన బియ్యమే నీకొచ్చాయి. వెయ్యకుండా ఉంటే సరిపోయేదిగా?" అన్నాను తలుపు తీస్తూ.

"వెయ్యకుండా ఉంటే రెండో మూడో పిడికిళ్ళే ఉండేవి కదండి. ఇప్పుడు బానలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతోంది."

ఎదుటివాళ్ళు నన్నన్న మాటలే కాదు, నేను జవాబు చెప్పలేకపోయిన మాటలు కూడా నాకు గుర్తుంటాయి.

అడిగినవన్నీ ఆమెకి అందాయని నేను చెప్పను. భర్త తాడిచెట్టు మీంచి పడ్డాడు. పెద్దాసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. పద్దెనిమిది రోజులూ ఆమె మంచం పక్కన నేల మీద మోకాళ్ళూని ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. అతను బతకలేదు. నెల తిరక్కుండానే, అనకూడని మాట నేనే అన్నాను.

"మరి అప్పుడేమయ్యాడమ్మా మీ దేవుడు?"

పొట్లం కొంగులో కట్టుకుంటున్నదల్లా ఆగింది. "అప్పుడివ్వలేదండి" అంది. దేవుణ్ణి వెనకేసుకురాలేదు, తిట్టనూ లేదు.

"అయినా అడగడం మానలేదే?"

"మీ అర్జీ చించి పారేస్తే మీరు ఆఫీసుకి వెళ్ళడం మానేశారా బాబుగారూ?"

లేదు. మానలేదు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకే రకం మనుషులం.

ఇక నీళ్ళ సంగతి. మా వైపు ఎటు చూసినా నీళ్ళే. కాలువ, బోదెలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. తాగడానికే ఉండవు. బోరు వేస్తే ఉప్పు. పంచాయతీ ట్యాంకు నుంచి మా వీధి మీదుగా పేటకి పైపు ఉంది. సిమెంటు రోడ్డు వేసిన ఏడాది నుంచి మా కొట్టు దగ్గరా, ఆ వెనక పేటలోనూ కుళాయిల్లో గాలి తప్ప ఏమీ రాలేదు. "మీది లైనుకి తోక, ప్రెషరు అందదు. కొత్త లైను వెయ్యాలి, నిధులు లేవు" అన్నారు ఆఫీసులో. మేం క్యాన్లు కొనుక్కున్నాం. పేట ఆడవాళ్ళు కిలోమీటరు నడిచి ట్యాంకు దగ్గర పట్టుకునేవాళ్ళు. ఆమె నెత్తి మీద ఒక బిందె, నడుం మీద ఒక బిందె. రెండో ఏడాదికి మోకాళ్ళు వాచిపోయాయి. ఆ మోకాళ్ళ మీదే ప్రార్థన. నీళ్ళ కోసం వేసిన ముడి నాలుగేళ్ళు చీర మార్చినప్పుడల్లా కొత్త కొంగుకి మారుతూ వచ్చింది.

ఆ నాలుగేళ్ళలో నేను పదకొండు అర్జీలు రాశాను. అన్నీ కొత్త లైను కోసమే. ప్రతి అర్జీ సోమవారం నాడు కలెక్టరాఫీసుకి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ముందురోజు సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చేది.

"రేపేనా అండి ఆఫీసుకి?"

"ఆ."

"ఎన్నింటి బస్సండి?"

"ఆరున్నర."

"అయితే ఆరున్నరకి మోకాళ్ళ మీద ఉంటానండి."

నాకు ఒళ్ళు మండేది. "నా అర్జీకి ఎవరి రికమెండేషనూ అక్కర్లేదు" అనేవాణ్ణి. ఆమె నవ్వేది. ముందు పళ్ళు రెండు లేవు, అయినా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది.

పదకొండో అర్జీ ఇచ్చిన మూడు వారాలకి మా తమ్ముడి కూతురు, అల్లుడు వ్రతం చేసుకుంటున్నారని నేనూ మా ఆవిడా అన్నవరం వెళ్ళాం. రెండు రోజులే. దాళ్వా కోతల రోజులు, రెండో పంటవి. ప్రసాదం పొట్లాలతో తిరిగొచ్చి గేటు తీసేసరికి పెరట్లో ఏదో చప్పుడు. నాలుగేళ్ళుగా తిప్పి వదిలేసిన కుళాయిలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. పెరడంతా మడుగు.

"మీరు కొండెక్కారు, నీళ్ళు దిగొచ్చాయి" అంది మా ఆవిడ.

పక్కింటాయన చెప్పాడు: నిన్న మిట్టమధ్యాహ్నం ఇంజనీరుగారు మీ అర్జీ పట్టుకుని వచ్చారట, రోడ్డు పగలగొట్టారట, కింద మూసుకుపోయిన పాత వాల్వు తిప్పారట, అంతేనట. రోడ్డు వేసినవాళ్ళు వాల్వు కట్టేసి, దాని మీదే సిమెంటు పోసేశారట. చూసినవాళ్ళెవరూ లేరు, ఊరంతా చేలల్లో ఉంది. నాలుగేళ్ళు పోరాడిన మనిషి నీళ్ళొచ్చిన రోజు ఊళ్ళో లేడు. ఇది ఎవరు చేసిన అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ఆదివారం చర్చి మైకులో ఆమె సాక్ష్యం చెప్పింది. కొట్లో నిలబడి విన్నాను. "నాలుగేళ్ళ ముడి విప్పానండి. ప్రభువు మన పేటకి మంచినీళ్ళిచ్చాడు. ఆయనకే స్తోత్రం." అందరూ స్తోత్రం అన్నారు. అర్జీ అనే మాట వస్తుందేమోనని చివరిదాకా విన్నాను. పాట మొదలుపెట్టారు.

కొట్టు మా ఆవిడకి అప్పగించి తిన్నగా పేటలోకి నడిచాను. గోడ అవతలే ఉన్నా ఆమె ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆమె అప్పుడే వచ్చి వాకిట్లో చేపలు తోముతోంది. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే సగం కోపం కుర్చీకే పోతుంది.

"నీళ్ళెవరిచ్చారు?" అన్నాను.

"ప్రభువండి."

"నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిందెవరు?"

"మీరండి."

"మరి మైకులో ఆ ముక్క చెప్పవేం?"

ఆమె చేతికంటిన పొలుసులు దులుపుకుంది. "చెప్పాలంటే చాలామందిని చెప్పాలండి" అంది. తర్వాత, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మొదలుపెట్టింది. "కరువులో ఒక ప్రవక్త అడివిలో ఉంటే కాకులు రొట్టె, మాంసం తెచ్చి పెట్టాయండి. ఆయన తిని దేవుడికి దండం పెట్టాడు. కాకులొచ్చి మా సంగతేంటని అడగలేదండి."

"అంటే నేను కాకినా?"

మా ఇళ్ళల్లో కాకిని పిలిచి ముద్ద పెట్టేది ఎప్పుడో అందరికీ తెలుసు. ఆదివారం పూట, గడప ముందు, నన్ను పట్టుకుని ఆ మాట.

"కాకంటే తక్కువేం కాదండి. నోట్లో మాంసం ముక్క పెట్టుకుని కూడా తాను తినకుండా తెచ్చిచ్చింది. మనవల్ల అవుతుందా?"

"తిరిగింది నేనొక్కణ్ణే."

"ఒక్క కాకి వల్ల అయ్యే పని కాదండి అది" అంది, ఎంతో మర్యాదగా.

కాకి అన్నది చాలక, అందులోనూ వాటా తగ్గించింది. వచ్చేశాను. ఆ తర్వాత ఆమెకి నేను తూచలేదు. ఆమె కొట్టు మెట్టెక్కితే నేను లోపలికి వెళ్ళేవాణ్ణి, మా ఆవిడ తూచేది. ఆమె మాత్రం గుమ్మంలోంచే "బాబుగారు బాగున్నారా అండి?" అని గట్టిగా అడిగి, కళ్ళు మూసుకుని తన పని తాను చేసుకునేది. ఏడేళ్ళు. లోపల బస్తాల మధ్య నిలబడి నేను వినేవాణ్ణి.

మంగళవారం సాయంత్రం ఆమెని మా కొట్టు ముందు నుంచి తీసుకెళ్ళారు. సగం షట్టరు దించి మెట్టు మీద నిలబడ్డాను. కరెంటు స్తంభం దాటాక రోడ్డు మీద చదరంగా ఒక అతుకుంది, ఆ రోజు పగలగొట్టి మళ్ళీ పూసిన చోటు. ట్యాంకు దగ్గర పనిచేసే సుబ్బారావు ఆ అతుకు పక్కన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం వెళ్ళిపోయినా కదల్లేదు.

"ఇక్కడ నిలబడిపోయావేం?" అన్నాను దగ్గరికెళ్ళి.

"ఆవిడ చూపించిన చోటు కదండి."

"ఆవిడ చూపించడమేంటి?"

అతను నా మొహంలోకి వింతగా చూశాడు. "మీకు తెలీదా అండి? ఆ రోజు ఇంజనీరుగారు మీ కాగితం పట్టుకుని గంటసేపు తిరిగారు. ఈ లైనుకి వాల్వొకటి ఉండి తీరాలి, ఎక్కడుందో చెప్పమంటారు. నేను పనిలో చేరేసరికే రోడ్డు వేసేశారు, నాకేం తెలుసు? పాతాయన చచ్చిపోయాడాయె. ఇక లాభం లేదని జీపెక్కబోతుంటే ఆవిడ మజ్జిగ చెంబు పట్టుకొచ్చింది, మోకాళ్ళ నొప్పులతో ఆ రోజు కోతకెళ్ళలేదు. ఏం పోయిందండి వెతుకుతున్నారు, అంది. వాల్వు అన్నాం. అదా అని, ఈ స్తంభానికి వీపు ఆనించి, తూర్పుకి ఏడడుగులు వేసి, మడమతో నేల మీద కొట్టింది. 'ఇక్కడండి. పైపులేసినప్పుడు ఈ గొయ్యిలో మట్టి మోసింది నేనే. పెద్దోడు కడుపులో ఉన్నాడు. నీరసమొస్తే ఆ స్తంభానికి జేరబడేదాన్ని' అంది. పగలగొడితే సరిగ్గా దాని నెత్తి మీదే పడిందండి గునపం."

"మరి నాలుగేళ్ళు నోరు మూసుకుని కూర్చుందేం?"

"ఇంజనీరుగారూ అదే అడిగారండి. 'మీకు కాగితాల్లో ఉంటుందనుకున్నానండి. నన్నెవరూ అడగలేదు' అంది."

పంచాయతీ నుంచి కలెక్టరాఫీసు దాకా అందరినీ అడిగాను. పదకొండుసార్లు, ప్రతి అర్జీకి ముందురోజు సాయంత్రం, ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమెని అడగలేదు.

"నువ్వైనా నాకు చెప్పలేదేం సుబ్బారావూ?"

"చెప్దామనే అనుకున్నానండి. ఆవిడే, 'ఆ బాబుగారు నాలుగేళ్ళు తిరిగారు, ఆయన మనసు చిన్నబుచ్చకు' అంది."

చెప్పాలంటే చాలామందిని చెప్పాలంది. ఒక్క కాకి వల్ల అయ్యే పని కాదంది. రెండో కాకి వాకిట్లో చేపలు తోముతూ నా ఎదురుగానే ఉంది.

శుక్రవారం ఆమె ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. వెళ్ళాను. మొదటి వరసలో కుర్చీ వేస్తామన్నారు, వద్దని వెనక కూర్చున్నాను. ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టరుగారు అడిగితే లేచాను. అందరూ నా వైపు తిరిగారు. మైకు మీద మళ్ళీ ఫిర్యాదు తెచ్చాననుకున్నారేమో. ఆ మైకు ముందే నిలబడి స్తంభం, ఏడడుగులు, మట్టి తట్ట, కడుపులో బిడ్డ, మజ్జిగ చెంబు, ఏదీ వదలకుండా చెప్పాను. ఈ పేట తాగుతున్న నీళ్ళు ఆమె చూపించిన చోటు నుంచి వస్తున్నాయని చెప్పి ఆగాను. పేటలో సగం మందికి ఆ సంగతి తెలీదు.

తర్వాత ఒక ముసలాయన "ప్రభువుకే స్తోత్రం" అన్నాడు. హాలంతా "స్తోత్రం" అంది. ఆమె పేరూ ఎవరూ ఎత్తలేదు, నా పేరూ ఎత్తలేదు. ఇంకో రోజైతే నాకు కోపం వచ్చేది.

మా వీధికి మళ్ళీ కొత్త రోడ్డు వస్తోంది. పాతదాని మీద ఇంకో పొర పోస్తారట. ఆ అతుకు మళ్ళీ పూడిపోతుంది. అందుకని నిన్న కూర్చుని పన్నెండో అర్జీ రాశాను. వాల్వు చుట్టూ గట్టు కట్టి ఇనప మూత పెట్టాలి, స్తంభం నుంచి తూర్పుకి ఏడడుగులు. ఎవరి అడుగులు అని అడుగుతారు. వివరాలు లేకపోతే వెనక్కి పంపుతారు. అందుకని ఆమె పేరు, ఇంటిపేరుతో సహా రాశాను.

సాయంత్రం ఆమె కోడలు కొట్టుకి వచ్చింది. అరకిలో కందిపప్పు. మా ఆవిడ లేవబోతుంటే నేనే కాటా దగ్గరికి వెళ్ళాను. పప్పు పోస్తుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. అత్తగారిలాగే గడ్డం పైకెత్తింది. నేను పొట్లం కట్టేదాకా ఆగి, బల్ల మీదున్న కాగితాల వైపు చూసింది.

"రేపేనా అండి ఆఫీసుకి?"

"ఆ."

"ఎన్నింటి బస్సండి?"

"ఆరున్నర" అన్నాను. "మర్చిపోకు."